డైమండ్ హార్బర్ రోడ్డులో అమ్మవార్లు

మా ఆయన పాత అంబాసిడర్ కొన్నాడని తెలిసి మా అత్త శ్రీకాకుళంలో రైలెక్కి హౌరాలో దిగింది. కుశలప్రశ్నలేమీ లేవు. దిగీ దిగగానే, "ఆ బండి అమ్మీరా" అంది. మా మామ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. అప్పటికి మా ఆయన చంటిపిల్లాడు.

మా ఆయనది నగరానికి నీళ్లు తోడే పంపుల దగ్గర ఉద్యోగం. సెలవుల్లో బాడుగకి తిప్పుకుందామని కారు కొన్నాడు. తల్లి గట్టిగా అంటే అమ్మేసే రకం. నాకేమో ఆ కారంటే ప్రాణం. కలకత్తా గార్డెన్ రీచ్‌లో పుట్టి, బస్సుల్లో నలిగి నలిగి పెరిగినదాన్ని మరి! ఒళ్లు మండినా మింగేసి, "ఒక్కసారి ఎక్కి చూడత్తా, అప్పుడూ వద్దంటే అమ్మేద్దాం" అన్నాను. ఆవిడ షరతు పెట్టింది. మా శ్రీకాకుళం వైపు కొత్త బండి రోడ్డెక్కితే దారిలో ఊరి అమ్మవారి దగ్గర ఆపి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఈవిడకి ఒక్క అమ్మవారు చాలదు, కనబడిన ప్రతి అమ్మవారూ కావాలి.

అలా ఒక ఆదివారం డిక్కీ నిండా కొబ్బరికాయలతో డైమండ్ హార్బర్ రోడ్డు పట్టాం.

మా ఆయన చూపించాలనుకున్న వింతలు వేరు. దారిలో ఒక మహానుభావుడు మేడ మీద నీళ్ల ట్యాంకుని విమానంలా కట్టించుకున్నాడు. రెక్కలూ తోకా కిటికీలూ అన్నీ సిమెంటే. "చూడమ్మా, విమానం!" అని కారాపాడు. అత్త తలెత్తితే కదా! కింద చెట్టు మొదట్లో శీతలాదేవి రాయి కనబడిందావిడకి. సరే, కాయ కొట్టాం. ఇంకాస్త ముందు, ఒక మిఠాయి కొట్టు ఎదుట మనిషెత్తు సిమెంటు రసగుల్లా ఉంది. జనం దాన్ని ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు. అత్త దాని చుట్టూ తిరిగి, "ఇదేటే, ఏ అమ్మోరు?" అంది.

"అది తినేదత్తా."

"తినేదాన్ని తెచ్చి రోడ్డు మీద నిలబెట్టినారా? ఈల్లకి మతి పోనాదేటి?"

మా ఆయన నవ్వుకుంటూ బండి తీశాడు. కొంత దూరం పోయాక ఇంజను వేడెక్కింది. ఆయన బానెట్టెత్తి నీళ్లు పోస్తున్నాడు. నేను పక్కన జామకాయలు బేరమాడి వెనక్కి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. రోడ్డు పక్కన నడుమెత్తు ఎర్ర దిమ్మె, దానికి ఎండిన బంతిపూల దండ. కలకత్తా చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు, అది పార్టీ వాళ్లు తమ అమరవీరుడికి కట్టిన స్తూపమని. బెంగాలీలో చెక్కిన ఆ పేరు మీదే అత్త పసుపు పూసి, బొట్లు పెట్టి, కాయ కొట్టి, అరటిపళ్లు పెట్టి, "నా బిడ్డని సల్లగా సూడు తల్లీ" అంటోంది.

నాకు పార్టీ కుర్రాళ్లు చూస్తే ఏమంటారో అన్నది ఒక భయం. అంతకంటే పెద్ద భయం, చచ్చిపోయినవాడి రాయికి కొడుకు క్షేమం మొక్కుకున్నానని తెలిస్తే అత్త మళ్లీ కారెక్కదు. ఇక కారు అమ్మేసినట్టే. గప్‌చుప్‌గా లాక్కెళ్లిపోదామని ఆవిడ చెయ్యి పట్టుకున్నానో లేదో, ఎదురింట్లోంచి తెల్లచీర ముసలావిడ ఒకామె వచ్చింది.

"మీరెవరు? మా అబ్బాయికి ఏం చేస్తున్నారు?" అని బెంగాలీలో అడిగింది.

"ఊరినుంచి వచ్చింది, దేవత అనుకుంది, తప్పయిపోయింది మాషీమా" అన్నాను గబగబా.

ఆవిడ కోప్పడలేదు. దిమ్మె మీది పసుపుని వేలితో ముట్టుకుని చూసింది. "వాడు పడిపోయింది ఇక్కడే. ఏటా ఒకరోజు వస్తారు, దండ వేసి, పిడికిలెత్తి అరిచి వెళ్లిపోతారు. తినడానికి పెట్టినవాళ్లు ఎవరూ లేరు" అంది.

"ఏటంతన్నాదే ఆవిడ?" అంది అత్త.

ఈ గుడి పూజారమ్మ అనేద్దామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఈలోగా మా ఆయన, "అది అమ్మోరు కాదమ్మా. ఈవిడ కొడుకు. గొడవల్లో ఇక్కడే సంపేసినారు" అనేశాడు. ఆయన నోరు కుట్టెయ్యాలనిపించింది.

అత్త ఆ దిమ్మె గట్టు మీదే కూర్చుంది. చిప్ప పగలగొట్టి కొబ్బరిముక్క ఆవిడ చేతిలో పెట్టి, "కొడుకు పోనాక మళ్లీ ఈ రోడ్డు మీదకి ఎలాగొచ్చినాదో అడగవే" అంది.

అడిగాను. "బజారుకి ఇదే దారి కదమ్మా. మొదట్లో మొహం తిప్పుకుని దాటిపోయేదాన్ని. తర్వాత, వాడు ఇక్కడే ఉన్నాడు కదా అని రావడం అలవాటైంది" అందావిడ.

ఆ మాట తెలుగులో చెప్పగానే అత్త భోరుమంది. మామ పోయిన రోడ్డు వైపు తాను ఇంతవరకూ అడుగు పెట్టలేదని అప్పుడే చెప్పింది. ఇద్దరూ కొబ్బరి నములుతూ, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, నా అవసరం లేకుండానే ఏవేవో చెప్పుకున్నారు. నేనూ మా ఆయనా కారు పక్కన బిక్కమొహాలేసుకుని నిలబడ్డాం.

బయల్దేరేటప్పుడు ఆవిడ కిటికీ పట్టుకుని, మళ్లీ ఎప్పుడైనా ఇటు వస్తారా అని అడిగింది. ఆ మాట తెలుగులో చెప్పి అత్త మొహంలోకి చూశాను.

"వస్తామని సెప్పవే" అంది అత్త. "బండుంది కదేటి."