కదలని ముఖం

మా పిన్ని సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. మైకు ముందు చీర గరగర కూడా వినబడకూడదు కనుక, గొంతుతో గుండెలవిసేలా ఏడుస్తున్నప్పుడు సైతం ముఖాన్ని కదలనిచ్చేది కాదు. ఇంట్లోనూ అదే అలవాటు. ఆమె దుఃఖం మాకు వినిపించేదే తప్ప కనిపించేది కాదు.

ఆమె గొంతు క్యాన్సర్‌కు ఇక చికిత్స లేదని తేలాక, చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే చోటు కోసం ఆమెతో కలిసి తిరిగాను. జూబ్లీహిల్స్‌లోని కేంద్రంలో తోటను చూపించారు. రాత్రి మందు ఎవరిస్తారంటే మళ్లీ తోట గురించే చెప్పారు. షేక్‌పేటలోని కేంద్రంలో మాత్రం, కాలేజీ డిబేట్లలో నేర్చిన నా ప్రశ్నలన్నింటికీ నర్సు ఓపికగా బదులిచ్చింది.

"మా లాయరు గారి వాదన అయిందిగా, నేనొకటి అడుగుతానమ్మా," నన్ను చూపిస్తూ అంది పిన్ని. "నా గొంతు పోయాక నొప్పి ఉందని మీకెలా తెలుస్తుంది?"

"ముఖం చూస్తె తెల్వదా అమ్మా? మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ జవాబు నచ్చి పిన్ని అక్కడే చేరింది.

గొంతు పూర్తిగా పోయిన మర్నాటి మధ్యాహ్నం నేను వెళ్లేసరికి, ఆమె కళ్లు మూసుకుని నిశ్చలంగా ఉంది.

"పొద్దటి సంది మంచిగ పండుకుంది," అంది నర్సు.

"ఆమె ముఖాన్ని సాక్ష్యంగా తీసుకోకండి," అన్నాను. "ఏడ్చినా అది కదలదు."

నర్సు దుప్పటి తొలగించింది. పిన్ని పిడికిళ్లు వేళ్ల కణుపులు తెల్లబడేలా బిగుసుకుని ఉన్నాయి. వెంటనే మందు ఇచ్చింది. కొంతసేపటికి అవి విచ్చుకున్నాయి. ముఖంలో ఏ మార్పూ లేదు.

చేతులు ఎప్పటినుంచి అలా బిగుసుకుని ఉన్నాయని అడిగాను.

"దుప్పటి పొద్దుగాల నేనే కప్పిన. అప్పటి సంది తీసి చూడలే," అని మాత్రం అంది నర్సు.