శనివారం తలంటు, దొరసాని రుమాలు

"నిన్న ఎక్కడ ఆపినాను సుమితా? ఆఁ, తొట్టికాడ! పాతకాలం ఇంగ్లీసోళ్లు కర్రతొట్టిలో గుడ్డ పరిసి, ఏడినీళ్లలో వాసనాకులేసి తానం సేసీవోళ్లట. కర్ర గుచ్చుకోకుండా గుడ్డన్నమాట!"

కోడలు కూర తరుగుతూ, అక్కడి మలయ్ ఊతపదం ‘లా’ తగిలించి నవ్వింది. "ఆళ్లు నీళ్లే ముట్టుకోరనుకున్నాను లా, అత్తా."

మలయ్ దేశపు ఊరు సుంగై పెటానిలో తమిళ బడి టీచరుగా రిటైరైన పుష్పవల్లికి కోడలి వంటిల్లే ఇప్పుడు క్లాసు. వచ్చే వారం తెలుగు సంఘం మహిళా సభలో మాట్లాడమంటే, పాతకాలపు ఇంగ్లండు స్నానాల గురించి చెబుతానంది.

ఒక సంగతి ఆమెకి ఇప్పటికీ ఒంటికి అంటుకునే ఉంది మరి. సుంగై సుమున్ తోటలో చిన్నప్పుడు, కూలీల బడి చూడ్డానికొచ్చిన ఇంగ్లీషు దొరసాని పిల్లల వరస ముందు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. శనివారం అమ్మ పంపు దగ్గర కూర్చోబెట్టి, కళ్లు మండేలా రుద్దిన శీకాయ వాసన సోమవారానికీ తల వదల్లేదు. అయినా రుమాలే!

ఇంతలో ఫోన్లో వాయిస్ మెసేజ్. సంఘం కార్యదర్శి కృష్ణకుమార్, ఒకప్పుడు ఆమె క్లాసులో వెనక బెంచీ.

"టీచరక్కా, తానాల సంగతొద్దు లా. ఆ ఊళ్లలో డబ్బులిచ్చి తానాలాడే కొంపల్లో ఏటేటో జరిగీదట. పెద్దోళ్లుంటారు. తల్లిబాస గొప్పతనం సెప్పండి. లేదంటే ఆ టైము డాన్సుకిచ్చేస్తాను."

"పోనీ, అదే సెప్పీ అత్తా," అంది సుమిత.

"ప్రతీ ఏడూ అదే సెప్పి, ఇంటికెళ్లి పిల్లల్తో తమిళం మాటాడీడమా? నాను సెప్పను! ఇను. డేన్లని సముద్రం దాటొచ్చినోళ్లు ఇంగ్లండులో ఉండీవోళ్లు. శనోరం శనోరం తానమాడి, రోజూ తల దువ్వుకుని మన ఆడోళ్ల మనసు దోసేస్తన్నారని మఠం సన్నాసొకడు ఏడుస్తా రాసినాడు! ఆళ్ల బాసలో శనోరం పేరే తానాల రోజు."

సుమిత కత్తి ఆగిపోయింది. "అచ్చం మన తలంటే! అయితే ఇంగ్లీసోళ్లే మురికోళ్లని సభలో అంటావేటి?"

"ఛీ, ఎందుకంటాను? తొట్టెల్లో సుబ్బరంగా తానాలాడినోళ్లేగా ఆళ్లూను. ఆ దొరసానికి తన ముత్తవ్వల సంగతే తెలీదు. ఇంక మా యమ్మ సంగతేటి తెలుస్తాది? అదే సెప్తాను."

"ఆడు డాన్సుకిచ్చేస్తే?"

"ఇయ్యనీ! డాన్సుకొచ్చినోళ్ల మధ్యే నిలబడి సెప్తాను. నాకు మైకేటి?"

పుష్పవల్లి కళ్లజోడు తుడుచుకుని ఫోను ఒళ్లో పెట్టుకుంది. మెసేజ్ పంపితే లాభం లేదు. ఇవాళ శనివారం. పదయ్యేసరికి, ప్రతీ వారంలాగే తలంటుకి, కృష్ణకుమార్ తలనిండా నూనె పట్టించుకుని, ఎటూ పారిపోలేకుండా పీటమీద కూర్చుంటాడు. సరిగ్గా అప్పుడే చెయ్యాలి ఫోను.