అమ్మవారి చీరలో ఎనిమిది కాళ్ల సింహాలు

ప్రోగ్రాంలో తప్పు రాస్తే ఏమవుతుంది? మామూలు మనుషులకైతే తెర మీద ఎర్రటి అక్షరాలు పడతాయి. వాళ్లు వెళ్లి టీ తాగొచ్చి సరిచేసుకుంటారు. నేను రాసిన తప్పు మాత్రం మేలిమి జరీతో నేతలోకి దిగి, అహోబిలం దాకా ప్రయాణం చేసి, అమ్మవారి సన్నిధిలో పళ్లెం ఎక్కి కూర్చుంది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. మా అత్త ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది కాబట్టి నాకు అలవాటే.

అప్పట్లో నేను కల్లూరులో గది తీసుకుని జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. జావా మూడు నెలలు నేర్చుకుంటే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ఏది చూసినా ఆబ్జెక్టే అనిపిస్తుంది. టీ కొట్టు ముందున్న బెంచీని చూసి, దీనికి క్లాసు, అంటే నమూనా, ఏమని రాయాలా అని ఆలోచిస్తూ టీ చల్లార్చుకున్న రోజులున్నాయి.

మా మేనమామ నాగప్పది కోడుమూరు. చీరలు నేస్తాడు. ఆ ఏడే మగ్గం మీదికి కొత్తగా ఎలక్ట్రానిక్ జకార్డు ఎక్కించాడు. పాతకాలంలో చిల్లులు పొడిచిన అట్టలు చేసిన పనిని ఇప్పుడు పెన్‌డ్రైవులోని ఫైలు చేస్తుందన్నమాట. ఫైలులో ఒక్కొక్క బైటు, పోగుల్ని పైకెత్తే హుక్కులకు ఎనిమిదేసింటికి ఆజ్ఞ ఇస్తుంది, నువ్వు లే, నువ్వు కూర్చో అని. లేచిన పోగుల సందున జరీ పోతుంది, బొమ్మ పడుతుంది.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్త మగ్గం మీద దిగిన తొలి చీర అహోబిలం అమ్మవారికి. దానికి కత్తెర తగలకూడదు. వేసిన పోగు వెనక్కి తీయకూడదు. దానికంటే ముందు ఆ మగ్గం మీద జానెడు గుడ్డ కూడా నేయకూడదు. మామ పైట కొంగుకు వరసగా అయిదు సింహాలు కావాలన్నాడు. బొమ్మ గీసినాయన ఇచ్చిన ఫైలు మొదట్లో, మగ్గానికి అక్కరలేని సోది కొంత ఉంది. అది వదిలేసి మిగిలిన బైట్లను కొత్త ఫైలులోకి ఎత్తిపోయాలి. పని అంతే.

ఆ పనికి నేను పదకొండు క్లాసులు రాశాను. జంతువు అని ఒకటి. దానికి వారసుడిగా అడవి జంతువు. దానికి వారసుడిగా సింహం. సింహానికి గర్జించే పద్ధతి కూడా రాశాను. చీరలోని సింహం ఎప్పుడు గర్జిస్తుందని మీరు అడగకండి, నేనూ అప్పుడు అడగలేదు.

పెన్‌డ్రైవు చేతికిస్తే మామ దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"పాపా, ఒక మాట. సరిగ్గా వచ్చిందో లేదో ముందుగా నేసి చూసుకునేదానికి మనకు ఆచారం ఒప్పదు. తొలి గుడ్డే అమ్మకు. వీధంతా మనతో కొండకొస్తాండారు. తప్పు పోతే నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"తప్పా! మామా, పదకొండు క్లాసులు రాసినా!"

"పదకొండా?" అంది సుంకమ్మత్త, వంటింట్లోంచి. "మీ మామ సదివింది అయిదే."

మామ నేత మొదలుపెట్టాడు. మీకు ఒక సంగతి చెప్పాలి. మా మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. మంచి ముఖం కిందికి ఉంటుంది, పైకి కనబడేదంతా జరీ పోగుల గందరగోళమే. అయినా నేసేవాడికి పోగుల లెక్క తెలుస్తుంది. సింహం తల అయింది, జూలు అయింది, పొట్ట అయింది, కాళ్లు, గోళ్లు కూడా అయ్యాయి. నేను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాను. మామ చెయ్యి ఆగింది.

"పాపా, గోళ్లు వచ్చేసినాయి. ఇంక బొమ్మ కింద జరీ పట్టీ రావల్ల గదా?"

"వస్తాది మామా."

"రాలేదే. మళ్లా ఏందో లావుగా వస్తాండాది. పొట్ట మాదిరి ఉండాది."

"బోర్లా నేస్తాండావు గదా, నీకు అట్ల కనపడతాండాది."

"నలబై ఏండ్లుగా బోర్లానే నేస్తాండా పాపా."

"మామా," అన్నాను. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను ఒకటి పీకాలనిపిస్తుంది. "మనిషి తప్పు చేస్తాడు, కంప్యూటరు చేయదు. నువ్వు నేయి."

మామ నేశాడు. చివరికి పట్టీ కూడా పడింది. అప్పుడు అత్త తల దువ్వుకునే అద్దం తెచ్చి మగ్గం కింద పెట్టి వంగి చూసింది.

"పాపా, మీ జావా దేశంలో సింహానికి ఎన్ని కాళ్లు?"

"నాలుగే అత్తా."

"అయితే ఇది వేరే ఊరిది. దీనికి ఎనిమిది ఉండాయి."

నేనూ వంగి చూశాను. ఠీవిగా సింహం. దాని గోళ్ల కింద ఇంకో పొట్ట. ఆ పొట్ట కింద ఇంకో నాలుగు కాళ్లు, వాటికి గోళ్లు లేవు. ఒకే ఫైలు కొంగు వెడల్పున అయిదు చోట్ల పడుతుంది కాబట్టి అయిదు సింహాలదీ అదే అవతారం. నాకు ఏడుపొచ్చేసింది. విప్పడానికి వీల్లేదు, కోయడానికి వీల్లేదు, ఇంకోటి నేస్తే అది రెండో చీర అవుతుంది.

మామ తిట్టలేదు. అదే నాకు ఎక్కువ బాధ. మగ్గం దిగి నా పక్కన కూర్చున్నాడు.

"యాడ తప్పిందో అదన్నా చెప్పు."

కళ్లు తుడుచుకుని కోడు తెరిచాను. రెండు నిమిషాల్లో దొరికింది. పదకొండు క్లాసుల్లో ఎక్కడో కాదు, ఒకే ఒక్క వరసలో.

"మామా, కల్లూరు షేర్ ఆటో అనుకో. పది మంది పడతారు. ఫైలులోని బైట్లను పది పదిగా ఎక్కించుకుని కొత్త ఫైలు దగ్గర దించుతా. ఆకరి ట్రిప్పుకు ముగ్గురే మిగిలినారు. వాళ్లు ముందు సీట్లలో కూర్చున్నారు. ఎనక సీట్లలో పాత ట్రిప్పు వాళ్లు ఏడుగురు అట్లనే ఉండిపోయినారు. నేను ఆటో నిండుగా ఉండాదనుకుని పది మందినీ దించేసినా."

"అంటే గోళ్లు కొత్తగా ఎక్కినాయి. పొట్టా కాళ్లూ పాతవి."

"ఊ."

"ఎంతమంది ఎక్కినారో నీకు చెప్పేవాళ్లు ఎవరూ లేరా?"

"ఉండారు. చదివినప్పుడల్లా ఇంతమంది ఎక్కినారని జావానే చెప్తాది. నేను ఇనలేదు."

మామ నా మొహంలోకి చూశాడు. "నేను చెప్పినా గూడా ఇనలేదు. కల్లూరు ఆటో వాడు గూడా తలకాయలు ఎంచుకుంటాడు గదా పాపా!"

అనుకున్న రోజుకు వీధివాళ్లందరితో అహోబిలం పోయాం. దారిపొడవునా ఎవరైనా "చీర సూపియ్యి వదినా" అంటే అత్త "అమ్మ సూడకముందు మనం సూడగూడదు" అని అప్పటికప్పుడు కొత్త ఆచారం కల్పించింది. గుళ్లో అర్చకస్వామి చీర అందుకుని కొంగు విప్పారు. మామ నేల చూశాడు. నేను స్తంభం చాటుకు పోయాను. వీధంతా మెడలు చాచింది.

స్వామి సింహాల్ని పైనుంచి కిందికి చూశారు. మళ్లీ కిందినుంచి పైకి.

"నాగప్పా, ఏమప్పా ఇది?"

మామ చేతులు జోడించాడు. "సామీ, తప్పు జరిగింది. తొలి చీర. కోసేదానికి లేదు. వద్దంటే ఎనక్కి తీసకపోతా."

"ఎందుకప్పా వద్దంటాం? ఈడ మా స్వామిదే తల ఒకటి, ఒళ్లు ఇంకొకటి. ఇన్నేండ్లుగా కొలుస్తాండాం. రెండు ఒళ్ల సింహాలకు ఈ గుళ్లో చోటు లేదంటే ఇంక యాడ ఉండాది?" అని నవ్వి చీరను అమ్మవారి పాదాల దగ్గర పెట్టారు.

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను స్తంభం చాటునుంచి బయటికొచ్చి, హారతి కళ్లకద్దుకుని, గట్టిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ ఫైలు తెరిచినా ఎన్ని బైట్లు ఎక్కాయో ఎంచకుండా ఒక్కదాన్నీ దించను. నేసేవాడు పొట్ట మాదిరి ఉందంటే అది పొట్టే అని ఒప్పుకుంటాను. సింహం చేత గర్జింపజేయను. ఈ మాటకు అయిదు సింహాలు సాక్షి. వాటి కాళ్లు మొత్తం నలభై, ఈసారి ఎంచే చెబుతున్నాను, అందులో గోళ్లున్నవి ఇరవై.