అమ్మ చెవుల్లో చీపురుపుల్లలు

నేను విశ్వాసం వదిలేశానని ఇక్కడ అమెరికాలో, మా ఫ్రీమాంట్ చర్చివాళ్లు చెప్పుకుంటున్నారట. వదల్లేదు. మా ఊరికి ఉజ్జీవం వచ్చి, చర్చి అంతా కొత్త భక్తితో ఊగిపోయిన కాలంనాటి నా బాల్యాన్ని బొమ్మల పుస్తకంగా గీశాను, అంతే.

నిన్న మాల్‌లో మనవరాలికి చెవులు కుట్టించాం. ఎర్రబడిన ఆ చిన్ని తమ్మెలు చూడగానే అమ్మ కళ్లముందు నిలిచింది. ఆ రోజులు మీకూ గుర్తున్నాయా, నేస్తాలూ? అలంకారాలన్నీ లోకాశలేనని కమ్మలూ గాజులూ కనకాంబరాలూ ఇళ్లలోంచి మాయమైపోయాయి. సాయంకాలపు ప్రార్థన కూటాల్లో, లాంతరు వెలుగులో, తెల్లచీరలు మబ్బుల్లా ఊగేవి. పాట ఎక్కడ ఆగేదో, నా నిద్ర ఎక్కడ మొదలయ్యేదో తెలిసేది కాదు.

కమ్మలు కానుకపెట్టెలో వేసిన అమ్మ, చెవి రంధ్రాలు పూడిపోకుండా చీపురుపుల్లలు పెట్టుకుంది. పాస్టరైన నాన్న చూడనే చూశారు.

"లోకాన్ని విడిచిపెట్టానన్నావుగా?"

"విడిచానండీ. చీపురుపుల్ల బంగారమేంటి?"

నాన్న కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఉజ్జీవం వచ్చాక ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడే.

పుస్తకం ప్రూఫు చూసి డబ్లిన్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆ చీపురుపుల్లల పేజీ డిలీట్ చెయ్యవే. చర్చ్‌లో నాన్న పరువేం కావాలి?"

ఆ బొమ్మనే అట్టమీదికి మార్చి, ఈ ఉదయమే ప్రెస్‌కు పంపించాను.