కడుపు పండకముందే వచ్చిన మనిషి

2003లో సీతమ్మధారలోని ఒక చిన్న నర్సింగ్ హోంలో నర్సుగా చేరాను. బీపీ చూసి చీటీ మీద రాయడం నా పని. ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలంటే తల దించుకునేదాన్ని.

ఒక ఉదయం పైడితల్లి అనే ఆమె భర్త అప్పలరాజును వెంటబెట్టుకుని వచ్చింది. అతను పోర్టులో సరుకులు మోసే కళాసీ. మొదటి కాన్పులో ఆమెకు ప్రి-ఎక్లాంప్సియా వచ్చింది. అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోవడం. చివరికి ఫిట్స్ వచ్చాయి, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత కూడా బీపీ మాత్రలు వాడుతోంది.

"ఎన్నో నెల?" అని అడిగాను.

"ఇంకా కడుపే లేదు సిస్టరమ్మా. తెచ్చుకోవచ్చో కూడదో అడుగుదామని వచ్చాను."

అలా ముందే వచ్చినవాళ్ళను నేను అంతవరకు చూడలేదు.

"నాకు పిల్లలొద్దు మేడమ్. ఇది బతికుంటే సాలు," అన్నాడు అప్పలరాజు డాక్టర్ గారితో.

"డాక్టరమ్మ వద్దంటే నాను మరడగను. ఆ మాట ఆవిడ సెప్పాలి, నువ్వు కాదు," అందామె.

డాక్టర్ గారు వద్దనలేదు. ఆమె వాడుతున్న బీపీ మాత్ర గర్భిణులకు పనికిరాదని మార్చారు. బీపీ అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారు. ఆగింది. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా నన్ను నవ్వించేది.

"మా అత్త 'ఏటే, విశేషం లేదా?' అని పొడుత్తంది. 'ఉంది, బీపీ తగ్గింది' అన్నాను."

మరుసటి ఏడు కడుపు నిలిచింది. తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం పట్టుచీరతో, చెంపల మీద గంధంతో ఆటో దిగింది. వెనకే అత్త. ఇంట్లో సీమంతం జరుగుతోందట. ఆమె కొలతకు తెచ్చిన గాజులే చేతికి ఎక్కలేదు. "సబ్బు రాయండి, పిల్ల ఒళ్ళు సేసింది" అని ముత్తయిదువులు నవ్వుతుంటే, తను మాత్రం అది వాపని అనుమానించి కుర్చీలోంచి లేచి వచ్చేసింది.

చేతులు ఉబ్బి ఉన్నాయి. తలనొప్పి అంది. బీపీ చూస్తే బాగా పెరిగి ఉంది.

"బోజనాలయ్యాక తెత్తాం తల్లీ, సుట్టాలేటనుకుంటారు?" అంది అత్త నాతో.

"మీరెళ్ళి తినీండత్తా. నాను మంచమెక్కుతాను," అని తనే వెళ్ళి పడుకుంది.

డాక్టర్ గారు ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే పెద్దాసుపత్రికి పంపించారు. కాస్త ముందుగా కాన్పయింది. ఆడపిల్ల, సన్నగా ఉన్నా గట్టిగా ఏడ్చిందట. ఈసారి ఫిట్స్ రాలేదు.

భయం ఆమెకు లేక కాదు. ఆ భయాన్ని దాచుకోకుండా తెచ్చి డాక్టరు ముందు పెట్టింది. అప్పటి నుంచి బీపీతో కాన్పయి ఇంటికి వెళ్ళే ప్రతి తల్లికీ, తల దించుకోకుండా నేనే చెబుతున్నాను: "మళ్ళీ బిడ్డ కావాలనిపిస్తే, కడుపు నిలిచాక కాదు, ముందే రండి."