లైబ్రరీలో దొరకని దేవమ్మ

రాఘవేందర్‌కు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. పాలవాడు పాలు పోస్తుంటే కొలత వైపు చూడడు, అతని బొటనవేలు ఎక్కడుందో చూస్తాడు. తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూస్తాడు. ఈ గుణంతో వేగలేక భార్య విజయమ్మ ఆయనకు సగం మాటలు చెప్పడమే మానేసింది. ఇంట్లో ఆమె ప్రాణం తీసే ఆ గుణమే అల్వాల్‌లోని ఆయన దుకాణంలో మాత్రం అన్నం పెట్టింది.

ఇరవై రెండేళ్లుగా అక్కడ ఆయన పని థీసిస్‌లు టైపు చేయడం, చివర్లో వచ్చే రిఫరెన్సులను యూనివర్సిటీ అడిగిన పద్ధతిలో పేర్చడం, బైండు చేసి ఇవ్వడం. రచయిత ఇంటిపేరు ముందు, ఏడాది బ్రాకెట్లో, పుస్తకం పేరు వాలు అక్షరాల్లో. ఇలా చుక్కలూ కామాలూ సర్దిపెట్టేవాళ్లు సికింద్రాబాద్‌లో చాలామందే ఉన్నారు. ఆ పుస్తకం అసలు ఉందా అని కూడా చూసేవాడు మాత్రం రాఘవేందర్ ఒక్కడే. కంప్యూటరే వ్యాసాలు రాసిపెట్టే రోజులు వచ్చాక పుట్టని రచయితలూ అచ్చుకాని పుస్తకాలూ లిస్టుల్లోకి వచ్చి దర్జాగా కూర్చుంటున్నాయి. నిరుడు ఒక్క లిస్టులోనే అలాంటివి పదకొండు పట్టుకున్నాడు. అప్పటినుంచి గైడ్‌లు “రాఘవేందర్ చూశాడా?” అని అడిగి మరీ సంతకం పెడుతున్నారు. ఆ మాట చెవిన పడిన రోజు ఆయన నడకే మారిపోయేది.

కుమారి సోమవారం ఉదయం వచ్చింది. విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, కూరగాయల మార్కెట్లలో పనిచేసే ఆడవాళ్ల మీద ఆరేళ్లు పరిశోధన చేసింది. థీసిస్ ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. అది దాటిందంటే రిజిస్ట్రేషన్ పోతుంది, ఆరేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

లిస్టులో నూట నలభై మూడు రిఫరెన్సులున్నాయి. నూట నలభై రెండింటి జాడ రాఘవేందర్‌కు దొరికింది. ఒక్కటి దొరకలేదు. “దేవమ్మ, జి. (2001). బోయిన్‌పల్లి మార్కెట్‌లో స్త్రీల శ్రమ.” అచ్చుకాని థీసిస్. అంత పాతవి కంప్యూటర్లో ఉండవు. మంగళవారం పొద్దున్నే యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి, రచయితల పేర్ల వరసలో ఉన్న రిజిస్టరు తీయించాడు. ‘ద’ కింద ఉన్న పేజీలన్నీ కళ్లల్లో వత్తులేసుకుని చూశాడు. దేవమ్మ లేదు. అటునుంచి అటే కుమారికి ఫోన్ చేసి దుకాణానికి పిలిపించాడు.

“గీ దేవమ్మ ఎవరమ్మా?”

“మార్కెట్ ఆడవాళ్ల మీద మొట్టమొదట రాసినావిడండి.”

“ఆమె థీసిస్ నువ్వు కండ్లార జూసినవా?”

కుమారి కాస్త తడబడింది. “చూళ్లేదండి. ఇంకో థీసిస్‌లో ఆవిడ రాసింది కొంత తీసుకున్నారు. అందులోంచి నేను రాసుకున్నాను.”

ఆ తడబాటు చాలు రాఘవేందర్‌కు. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాసిన మనిషి ఇంకెన్ని రాసిందో అనుకున్నాడు. ఆమె వెళ్లగానే గైడ్ సత్యదేవ్‌కు ఫోన్ చేశాడు. “సార్, మీ స్టూడెంట్ లిస్టుల ఒక థీసిస్ ఉన్నది, అసలు గసొంటిదే లేదు. తక్కినయి సుత జెర సూడాలె.” ఆ థీసిస్ కళ్లముందు పెడితే తప్ప సంతకం పెట్టనని గైడ్ తేల్చేశాడు.

బుధవారం కుమారి ఉబ్బిన కళ్లతో వచ్చింది. “ఏటండి మాస్టారూ, నాకొక్క మాట చెప్పకుండా ఫోన్ చేసీసారా?”

“తప్పు జెయ్యకుంటే పరేషాన్ ఎందుకమ్మా?” అన్నాడు రాఘవేందర్, కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే.

గురువారం మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి వెంట అరవై దాటిన ఒకావిడ ఉంది. నూలు చీర, భుజాన గుడ్డసంచి. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నేనే దేవమ్మను. నేను లేనే లేనన్నవట గదా?”

నిన్న ఇక్కడినుంచి కుమారి నేరుగా బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి, కనిపించిన ప్రతి ముసలమ్మనూ అడిగింది. టమాటలమ్మే రోసమ్మ దేవమ్మ ఇల్లు చూపించింది. దేవమ్మ తల్లి కూడా ఒకప్పుడు అక్కడే ఆకుకూరలు అమ్మేదట. సంచిలోంచి దేవమ్మ ఒక బైండు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. నల్ల అట్ట మీద వెలిసిన బంగారు అక్షరాలు: గడ్డం దేవమ్మ.

రాఘవేందర్ అప్పుడు కూడా నమ్మలేదు. ముద్ర చూశాడు, సంతకాలు చూశాడు, ఏడాది చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు వెలిగింది ఆయనకు. గడ్డం అనేది ఇంటిపేరు. మనవాళ్లు ఇంటిపేరు ముందే రాసుకుంటారు, దాన్ని తిప్పే పనే లేదు. ఎవరో తిప్పారు. ‘గ’ కింద ఉన్న మనిషిని తను ‘ద’ కింద వెతికాడు.

“ఎవడో పని రానోడు టైపు జేసిండు,” అన్నాడు విసుగ్గా. “నువ్వు దేంట్లకెళ్లి రాసుకున్నవో జూపియ్యి.”

కుమారి జిరాక్స్ కాగితాల కట్ట అందించింది. 2006 నాటి థీసిస్. ఆయన పేజీలు తిప్పుతూ కృతజ్ఞతల దగ్గర ఆగిపోయాడు. అమ్మానాన్నలకు, గైడ్‌కు, స్నేహితులకు చెప్పాక, అందరూ చివర్లో టైపు చేసినవాడికి చెప్పినట్టే అక్కడా ఒక వాక్యం ఉంది: “ఓపికతో టైపు చేసిపెట్టిన అల్వాల్ రాఘవేందర్ గారికి.”

తల కొట్టేసినట్టయింది. దుకాణం పెట్టిన కొత్తలో పేరులో చివరి మాటను ముందుకు తెమ్మన్న ఇంగ్లీషు గైడు బుక్కు ఒకటి బల్ల మీద ఉండేది. దాన్ని నమ్మి తెలుగువాళ్ల పేర్లన్నీ బుద్ధిగా తిప్పేశాడు. రెండేళ్ల తరవాత ఎవరో చెబితే మానుకున్నాడు. అప్పటికే తిప్పినవి ఏమయ్యాయో మాత్రం ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

“నా థీసిస్‌ల నుంచి చానమంది రాసుకున్నరంట,” అంటోంది దేవమ్మ. “అందరు గట్లనే తిప్పి రాసిన్రు. కాలేజీల ప్రమోషన్‌కు నీ పని ఎవలన్న వాడుకున్నరా అని అడిగితే, నా పేరు మీద ఒక్కటి సుత జూపలేకపోయిన.”

రాఘవేందర్ ఇద్దరి ముఖాల వైపూ దొంగచూపు చూశాడు. ఆ వాక్యాన్ని వాళ్లు గమనించలేదు. కాగితాలు మూసేసి, సంతకం పెట్టమని గైడ్‌కు చెబితే అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. వాళ్లెదుటే ఫోన్ తీశాడు.

“సత్యదేవ్ సార్, దేవమ్మ ఉన్నది. నా ముంగటనే కూసున్నది. ఆమె పేరు తిప్పింది నేనే సార్, శానేండ్ల కింద. ఈ పిల్ల తప్పేం లేదు.”

అవతల సత్యదేవ్ చెప్పినదంతా విని, “సరే సార్,” అని ఫోన్ పెట్టేశాడు.

“ఏమన్నారండి?” అంది కుమారి.

“రేపు పొద్దుగాల రమ్మన్నడు, సంతకం పెడతడు.” రాఘవేందర్ బల్ల మీది లిస్టు చేతిలోకి తీసుకున్నాడు. “లిస్టు మాత్రం ఇంకెవరికన్న జూపియ్యమన్నడు. నేను ఇంకేమేం తిప్పిన్నో తెల్వదు గదా అన్నడు.”

మూడు రోజులు కూర్చుని సరిచూసిన లిస్టును ఆయన రెండు చేతులతో ఆమెకు అందించాడు. కుమారి దాన్ని సంచిలో పెట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు.

“నమ్మకం పోతే ఇలాగే ఉంటుందండి, మాస్టారూ. మంగళవారం నుంచి నాకూ ఇలాగే ఉంది,” అని దేవమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.