పులసకు కాపలా

నిడదవోలు స్టేషన్లో మా సైనిక దళం దిగేసరికి తెల్లవారుతోంది. సన్నటి వాన. లారీల్లో గోదావరి గట్టుకు చేరాం. ఎనిమిది మందిమి, రెండు రబ్బరు బోట్లు, ఒక వైర్లెస్ సెట్టు. మకాం గట్టు పక్కనున్న హైస్కూలు మేడ మీద. ఆర్డరు ఒక్కటే: చీకటి పడేలోగా లంకల్లో ఎవరూ మిగలకూడదు.

నేను బోటు నడిపేవాణ్ని. మాది మొగల్తూరు. సముద్రంలో వేటకెళ్లే కుటుంబం. దళంలో తెలుగు వచ్చింది నాకొక్కడికే. మా ఊరివాళ్లు ఇప్పటికీ సరిహద్దు కబుర్లు అడుగుతారు. నాకు మాత్రం ఈ వరదే గుర్తొస్తుంది.

మధ్యాహ్నం బోటు కొబ్బరితోటలోంచి వెళుతోంది. మట్టలు చేతికందుతున్నాయి. నిలిచిన నీళ్లలో ఇంకో తోట తలకిందులుగా ఊగుతోంది. ఏది పైనో ఏది కిందో తెలియడం లేదు. తోట చివర ఒక డాబా. దాని మీద యాభై ఏళ్ల మనిషి, ఒళ్లో బూడిదరంగు కుక్క. ఆమె పేరు సత్యవతి. చేపలమ్ముకుని బతికే ఒంటరి మనిషి.

"రండమ్మా," అన్నాను.

"ఇది లేకుండా నేను రానండి బాబూ."

కంట్రోల్ రూములో ఉన్న మా సుబేదారుకు సెట్టులో చెప్పాను.

"ముందు మనుషులు," అన్నాడాయన హిందీలో.

"కుక్క రాకపోతే ఈవిడ రానంటోంది సాబ్."

"బోటులో చోటుందా?"

"ఉంది సాబ్."

"మరి నన్నెందుకు అడుగుతున్నావ్?"

ఎక్కించుకుంటుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పొట్ట నొక్కకండి. దీనికి గుండె జబ్బండి, ఆయాసం వచ్చేద్ది." మరో వరదలో, కుక్క ఇంకా పిల్లగా ఉన్నప్పుడు, ఆమె వలకు తగిలిందట. నీళ్లలో వెండిలా మెరిస్తే పులస చేప అనుకుందట. ఆ పేరే ఉంచేసింది.

పునరావాస కేంద్రంలో మనుషులకే చోటు లేదు. కుక్క వద్దన్నారు. సత్యవతి కుక్కనెత్తుకుని బయట వానలోనే నిలబడింది. నా దగ్గర ఉంచుతానన్నాను. కొంగుముడి విప్పి మాత్రలిచ్చింది. "పొద్దున అర, సాయంత్రం అర. ఉప్పు మాత్రం తగలకూడదండి."

మా వంటవాడిది గఢ్వాల్. మా కూరలో మర్చిపోయి రెండుసార్లు ఉప్పు వేసేవాడు గానీ, పులస గంజిలో ఒక్కసారి కూడా వెయ్యలేదు. మా నర్సింగ్ అసిస్టెంటు స్టెతస్కోపు పులస ఛాతీకి ఆనించి నా చెవులకు పెట్టాడు. కొట్టుకునే చప్పుడు కాదు, తూములోంచి నీళ్లు పోతున్న చప్పుడు. గట్టు మీది పశువుల క్యాంపు డాక్టరుగారు వచ్చి చూశారు.

"వాల్వు పాడైందండి. ఇది నయమయ్యేది కాదు. నిద్రపోయేటప్పుడు ఊపిరి లెక్కపెడుతూ ఉండండి. నిమిషానికి ముప్పై దాటితే ఛాతీలో నీరు చేరుతున్నట్టు."

అప్పట్నుంచి కాపలా డ్యూటీలో అదొకటి చేరింది. పొద్దున్నే వైర్లెస్ ఆపరేటరు రిపోర్టు పంపేవాడు. "నీటిమట్టం నిలకడ. బోట్లు రెండూ ఫిట్. పులస ఇరవై ఆరు." అవతల నుంచి సుబేదారు గంభీరంగా, "విన్నాను," అనేవాడు. సత్యవతి ఎవరిదో ఫోన్ అడిగి రోజూ చేసేది. "తిందాండీ?" ఫోన్ కుక్క చెవి దగ్గర పెట్టేవాణ్ని. తోక నేలకేసి కొట్టేది. నా ఒళ్లో తల పెట్టుకుని అది నిద్రపోతే, మేడ కింద నీళ్లు, దాని ఊపిరి ఒకే తాళంలో కదులుతున్నట్టుండేది. సర్వీసులో అంత ప్రశాంతంగా నేనెప్పుడూ లేను.

వరద తీయడం మొదలైంది. పులస ఊపిరి మాత్రం నలభై దాటింది. చిగుళ్లు నీలంగా మారాయి. డాక్టరుగారు ఇంజెక్షన్ చేసి నా భుజం మీద చెయ్యేశారు. "ఆవిడ దగ్గరకి చేర్చండి. ఇంక ఆలస్యం చెయ్యకండి."

సుబేదారును అడిగాను. "ఇంజను పరీక్ష చెయ్యాలి కదా, చెయ్యి. ఎటు వెళ్తావో నాకు చెప్పకు," అన్నాడు.

పునరావాస కేంద్రం దగ్గర సత్యవతిని ఎక్కించుకుని బోటు లంక వైపు తిప్పాను. ఎండ వచ్చింది. ఏరంతా బెల్లం పాకంలా మెరుస్తోంది. పులస ఆమె ఒళ్లో ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది.

"ఆ ఇంజను ఆపండి బాబూ. దానికి ఏటి చప్పుడంటే ఇష్టమండి."

ఆపి తెడ్డు వేశాను. అలవాటుగా లెక్కపెడుతూనే ఉన్నాను. కొబ్బరితోట దగ్గరపడుతుండగా లెక్క ఆగిపోయింది. బోటు బురదకు తగిలింది.

"అమ్మా..."

"నాకు తెలుసండి," అంది. "ఇంటికొచ్చేదాకా ఉందిగా, చాలు."

డాబా వెనక మెత్తటి ఒండ్రులో గొయ్యి తీశాను. ఆమె చేతులతోనే మట్టి కప్పింది. ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. తనిక ఇంటి దగ్గరే ఉంటానని, నా బోటును నీళ్లలోకి నెట్టడానికి ఆ ఒండ్రు చేతులతోనే మోకాళ్ల లోతుకు దిగింది.

మర్నాడు తిరుగు ప్రయాణం. సామాన్లు అప్పగించేముందు బోట్లు శుభ్రంగా కడగమని ఆర్డరు. మా బోటు అంచు రబ్బరు మీద రెండు అరచేతుల ఒండ్రు ముద్రలు, ఎండి తెల్లబడి ఉన్నాయి. ఒక్కొక్క వేలూ విడివిడిగా తెలుస్తోంది. అంతా కడిగాను. ఆ చోటు మాత్రం కడగలేకపోయాను. వంటవాడు వచ్చి చూసి, నా చేతిలోంచి బకెట్ తీసుకుని, నీళ్లన్నీ నేల మీద ఒలకబోశాడు.